పేరు దొరకని జబ్బు: పాటగాడు వుడీ గత్రీ కథ

మన పిల్లలు ఇక్కడ స్కూల్లో చేరిన ఏడాదిలోపే ఒక పాట నేర్చుకొని ఇంటికొస్తారు. దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్ అనే పాట. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు కారు వెనక సీట్లో కూర్చొని రోజూ అదే పాడేది. ఆ పాట రాసినాయన పేరు వుడీ గత్రీ అనీ, ఆయన మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న పిచ్చాసుపత్రిలో ఐదేళ్ళు గడిపాడనీ అప్పటికి నాకు తెలియదు. నేను న్యూరాలజిస్టుని. తెలియకపోవడం ఇంకా సిగ్గుచేటు, ఎందుకంటే ఆయనకొచ్చిన జబ్బు నా సబ్జెక్టులోదే.

మేముండేది న్యూజెర్సీలో, పార్సిపెనీలో. ఇక్కడున్న తెలుగువాళ్ళ సంఖ్య గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఊరి అంచున గ్రేస్టోన్ పార్క్ అని 1876లో కట్టిన పెద్ద మానసిక వైద్యశాల ఉండేది. రాతితో కట్టిన ఆ పాత భవనాన్ని 2015లో పడగొట్టారు. ఆ నేలలో చాలా భాగం ఇప్పుడు కౌంటీ పార్కు. సాయంత్రాలు మనవాళ్ళు అక్కడ వాకింగ్ చేస్తూ కనిపిస్తారు. నేనూ వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు వుడీ గత్రీ, రెండోవారు నా పేషెంటు ఒకాయన. వుడీ కథ ముందు చెప్పి, రెండో ఆయన సంగతి చివర్లో చెబుతాను.

ఓకీమా కుర్రాడు

వుడీ 1912 జూలై 14న ఓక్లహోమా రాష్ట్రంలో ఓకీమా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి చార్లీ భూముల బేరాలు చేసేవాడు, రాజకీయాల్లోనూ తిరిగేవాడు. తల్లి నోరా బెల్ పాత పాటలు బాగా పాడేదట. కొడుక్కి పాటలు అబ్బింది తల్లి దగ్గరే. పాటలతో పాటు ఇంకొకటి కూడా ఆవిడ నుంచి వచ్చింది, కానీ అది బయటపడటానికి మరో ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

ఆ ఇంటిని నిప్పు వెంటాడింది. వుడీ పుట్టకముందే కొత్తగా కట్టుకున్న ఇల్లు కాలిపోయింది. 1919లో అక్క క్లారా ఒంటి మీద బట్టలంటుకొని చనిపోయింది. 1927లో తండ్రికి తీవ్రంగా ఒళ్ళు కాలింది. అప్పటికే తల్లి ప్రవర్తన మారిపోయింది. ఉన్నట్టుండి కోపం, చేతులూ ముఖమూ వాటంతటవే కదలడం, ఇంటి పనులు అర్ధాంతరంగా వదిలేయడం. ఆ మంటలు ఆవిడ పెట్టినవేనని ఊళ్ళో గుసగుసలు. తండ్రి కాలిన తర్వాత ఆవిణ్ణి నార్మన్ పట్టణంలోని మానసిక వైద్యశాలకు పంపేశారు. 1930లో అక్కడే పోయింది.

ఆ మంటలకు కారణమేమిటో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. అయితే న్యూరాలజిస్టుగా నాకొక ఆలోచన వస్తుంది. చేతులు తన మాట వినని మనిషి కిరసనాయిలు దీపాలున్న ఇంట్లో ఒంటరిగా పని చేసుకుంటుంటే ప్రమాదాలు జరగడానికి దురుద్దేశం అక్కర్లేదు. కానీ ఊరికి కారణం వెతికే ఓపిక లేదు. పిచ్చి అన్న ఒక్క మాటతో ఫైలు మూసేసింది. మన ఊళ్ళలో గాలి సోకిందనో, చేతబడి అనో అనేవాళ్ళు, అంతే తేడా.

రోడ్డు మీద పాట

తల్లి ఆస్పత్రికీ, తండ్రి టెక్సాస్‌లోని పాంపాకీ వెళ్ళిపోయాక వుడీ కొన్నాళ్ళు తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో గడిపి, 1929లో తనూ పాంపా చేరాడు. గిటారు నేర్చుకున్నాడు, సైన్ బోర్డులు రాశాడు, 1933లో మేరీ జెనింగ్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1935 ఏప్రిల్ 14న ఆ మైదానాల మీద ఆకాశమంత దుమ్ముగోడ లేచి పట్టపగలే చీకటి కమ్మింది. వరస కరువులూ, దుమ్ము తుఫాన్లూ, అప్పులూ కలిసి లక్షలమందిని కాలిఫోర్నియా దారి పట్టించాయి. వుడీ కూడా ఆ దారిలోనే వెళ్ళాడు. కూలీల గుడారాల్లో వాళ్ళ కష్టాలే పాటలుగా కట్టి పాడాడు. లాస్ ఏంజిలిస్ రేడియోలో ఆయన కార్యక్రమానికి మంచి పేరొచ్చింది.

1940 ఫిబ్రవరిలో, న్యూయార్క్ చేరిన కొత్తల్లో, ఒక చవక హోటల్ గదిలో మన పిల్లలు పాడే ఆ పాట రాశాడు. 1941లో కొలంబియా నది మీద కడుతున్న ఆనకట్టల గురించి పాటలు కట్టమని బానవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ఆయన్ని ఒక నెలకి పనిలో పెట్టుకుంది. జీతం 266 డాలర్లు, కట్టిన పాటలు 26. 1943లో బౌండ్ ఫర్ గ్లోరీ అనే ఆత్మకథ వచ్చింది. యుద్ధకాలంలో సరుకు ఓడల్లో పనిచేశాడు. మొదటి పెళ్ళి విడిపోయాక, మార్తా గ్రాహం బృందంలో నర్తకి అయిన మార్జరీ మజియాను 1945లో పెళ్ళాడి, బ్రూక్లిన్‌లో కోనీ ఐలాండ్ దగ్గర కాపురం పెట్టాడు.

తాగుడా, పిచ్చా?

1947లో వాళ్ళ నాలుగేళ్ళ కూతురు ఇంట్లో అంటుకున్న మంటల్లో చనిపోయింది. మళ్ళీ నిప్పే. ఆ తర్వాత వుడీలో మార్పులు కనిపించసాగాయి. మాట తడబడేది. నడక తూలేది. చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి వెళ్ళిపోయేవాడు. ఒకావిడకు అసభ్యంగా ఉత్తరాలు రాసి కోర్టు కేసులో ఇరుక్కున్నాడు. కోపమొస్తే ఇంట్లోవాళ్ళు భయపడే పరిస్థితి వచ్చింది.

చూసేవాళ్ళకి కారణాలకేం కొదవ? బిడ్డ పోయిన దుఃఖం ఒకటి. కళాకారుడు కాబట్టి నిలకడ ఉండదు అన్నది ఇంకొకటి. అన్నిటికంటే సులువైనది తాగుడు. ఆయన నిజంగానే తాగేవాడు కూడా. తాగే మనిషి తూలితే ఏ డాక్టరైనా మొదట సీసా వైపే చూస్తాడు. 1952లో ఆయన న్యూయార్క్‌లో ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి తిరిగాడు. తాగుడు జబ్బు అన్నారు, స్కిజోఫ్రెనియా అన్నారు. చివరికి ఆ ఏడాదే బ్రూక్లిన్ స్టేట్ హాస్పిటల్లో సరైన పేరు దొరికింది. హంటింగ్టన్స్ కొరియా. అప్పటికి ఆయన వయసు 40.

కొరియా అంటే దేశం పేరు కాదు. గ్రీకు భాషలో నాట్యం అని అర్థం. చేతులూ కాళ్ళూ ముఖమూ మన ప్రమేయం లేకుండా ఆడుతుంటాయి కాబట్టి ఆ పేరు. ఈ వంశపారంపర్య జబ్బును స్పష్టంగా వర్ణించింది జార్జ్ హంటింగ్టన్ అనే 22 ఏళ్ళ కుర్ర డాక్టరు, 1872లో. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో ఆయన తాతా, తండ్రీ కూడా డాక్టర్లే. మూడు తరాలుగా వాళ్ళు చూసిన కుటుంబాలు అవే. తాత చూసిన రోగి కొడుకుని తండ్రి, మనవణ్ణి ఈ కుర్రాడు చూడగలిగారు. అందుకే, పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు స్పష్టంగా అందని సంగతి కాలేజీ వదిలి ఏడాదైనా సరిగ్గా నిండని కుర్రాడికి అందింది.

ఎందుకు దొరకలేదు?

జబ్బు గురించి 1872లోనే రాసిపెట్టి ఉంటే, 80 ఏళ్ళ తర్వాత న్యూయార్క్ మహానగరంలో కూడా అంత తిప్పలు ఎందుకు? నా అనుభవంలో దీనికి నాలుగైదు కారణాలున్నాయి. ఇవి ఈ ఒక్క జబ్బుకే కాదు, అరుదైన జబ్బులు చాలావాటికి వర్తిస్తాయి.

మొదటిది, అరుదుతనం. ఐరోపా సంతతివారిలో కూడా ఈ జబ్బు లక్షకు పదిమంది అటూ ఇటుగా ఉంటుంది. ఒక ఫ్యామిలీ డాక్టరు జీవితమంతా ప్రాక్టీసు చేసినా ఒక్క కేసు చూడకపోవచ్చు. మెడికల్ కాలేజీలో మాకు నేర్పేదే, డెక్కల చప్పుడు వినబడితే గుర్రమనుకో, చారల గుర్రమనుకోకు అని. నూటికి తొంభైతొమ్మిదిసార్లు అది మంచి సలహా. మిగిలిన ఆ ఒక్క మనిషికి మాత్రం శాపం.

రెండోది, ఈ జబ్బు ముసుగేసుకొని వస్తుంది. చాలామందిలో చేతులు ఆడటానికి కొన్నేళ్ళ ముందే మనసు మారుతుంది. దిగులు, చిరాకు, అనుమానం, ఏ పనీ పూర్తిచేయలేకపోవడం. అందువల్ల పేషెంటు ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళతాడు, లేదా విడాకుల లాయరు దగ్గరికి వెళతాడు. న్యూరాలజిస్టు దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

మూడోది, పోలికలు. కదలికలు వచ్చాక కూడా ఇలాంటివే వేరే ఉన్నాయి. రుమాటిక్ జ్వరం తర్వాత పిల్లల్లో వచ్చే కొరియా ఉంది. కొన్ని మానసిక రోగాల మందుల వల్ల వచ్చే కదలికలున్నాయి. శరీరంలో రాగి పేరుకుపోయే విల్సన్స్ డిసీజ్ ఉంది. ఈ చివరిదానికి మంచి మందులున్నాయి. తొందరగా కనిపెడితే మనిషి నిలబడతాడు, కనిపెట్టకపోతే కాలేయమూ మెదడూ పాడవుతాయి. అంటే పేరు తప్పు పెట్టడం మాటల తేడా మాత్రమే కాదు.

నాలుగోది, పేషెంటుకే తెలియదు. ఈ జబ్బులో చాలామంది తమ చేతులు కదులుతున్న సంగతి తాము గుర్తించరు. అబద్ధం చెప్పడం కాదు, మెదడులో ఆ గమనించే శక్తే దెబ్బతింటుంది. పక్కనున్న భార్యో, అన్నో చెబితేగాని డాక్టరుకి తెలియదు.

ఐదోది, అన్నిటికంటే పెద్దది, కుటుంబ చరిత్ర. వుడీ కాలంలో రక్తపరీక్ష లేదు, సీటీ స్కాను లేదు, ఎమ్మారై లేదు. డాక్టరు చేతిలో ఉన్న ఏకైక ఆధారం, మీ అమ్మకి ఏమైంది అన్న ప్రశ్న. ఆ ప్రశ్నకి పిచ్చి పట్టి పోయింది అన్న జవాబు వస్తే దారి మూసుకుపోతుంది. కదలికలతో సహా వర్ణిస్తేనే దారి తెరుచుకుంటుంది.

గ్రేస్టోన్

పేరు దొరికినంత మాత్రాన మందు దొరకలేదు. వుడీ ఆస్పత్రి వదిలి కాలిఫోర్నియా వెళ్ళాడు, మూడో పెళ్ళి చేసుకున్నాడు, ఫ్లోరిడాలో ఉండగా చెయ్యి కాలింది. మళ్ళీ నిప్పు. ఆ చెయ్యి తర్వాత గిటారుకి పనికిరాలేదు. 1954లో తనంతట తానే బ్రూక్లిన్ స్టేట్ హాస్పిటల్‌కి తిరిగొచ్చాడు. 1956లో న్యూజెర్సీలో దిక్కులేకుండా తిరుగుతుంటే పోలీసులు పట్టుకున్నారు. అలా మా గ్రేస్టోన్ చేరాడు. 1961 వరకూ ఇక్కడే.

తను వేలకొద్దీ పాటలు రాశాననీ, పుస్తకం అచ్చయిందనీ ఆయన చెబితే, అక్కడి డాక్టరొకరు అదంతా రోగి భ్రమ అనుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు నిజమో గానీ, ఒకసారి పిచ్చి అనే ముద్ర పడ్డాక మనిషి చెప్పే నిజానికి కూడా విలువ ఎలా పోతుందో చెప్పడానికి దాన్ని మా రెసిడెంట్లకు చెబుతుంటాను.

మార్జరీ అప్పటికే విడాకులు తీసుకొంది, మళ్ళీ పెళ్ళి కూడా చేసుకొంది. అయినా ఆదివారాల్లో పిల్లలు ఆర్లో, జోడీ, నోరాలను తీసుకొని వచ్చేది. ఆవరణలో చెట్ల కింద కూర్చొని అందరూ కలిసి తినేవాళ్ళు. ఈస్ట్ ఆరెంజ్‌లో ఉండే గ్లీసన్ దంపతులు ఆయన్ని వారాంతాల్లో తమ ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. అభిమానులు అక్కడికొచ్చి ఆయన పాటలే ఆయనకి పాడి వినిపించేవాళ్ళు. 1961 జనవరిలో మినెసోటా నుంచి ఆయన్ని చూడాలని ఒక 19 ఏళ్ళ కుర్రాడొచ్చాడు. పేరు బాబ్ డిలన్.

తర్వాత బ్రూక్లిన్‌కీ, 1966లో క్వీన్స్‌లోని క్రీడ్‌మోర్‌కీ మార్చారు. మాట పూర్తిగా పోయింది. అవును, కాదు అని రాసిన అట్టముక్కల్ని చూపించి జవాబు చెప్పేవాడు. అన్ని పాటలు కట్టిన మనిషికి చివరికి మిగిలినవి ఆ రెండు మాటలు. 1967 అక్టోబర్ 3న, 55వ ఏట, వెళ్ళిపోయాడు.

మార్జరీ పట్టుదల

ఈ జబ్బు జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరికుంటే చాలు, ప్రతి బిడ్డకీ సగం అవకాశం. బొమ్మా బొరుసూ వేసినట్టే. మనవాళ్ళ మేనరికాల వల్ల పెరిగే జబ్బులు వేరే రకం. వాటికి రెండువైపుల నుంచీ జన్యువు రావాలి. దీనికి ఒక్క వైపు చాలు. వుడీ మొదటి భార్య ఇద్దరు కూతుళ్ళూ ఇదే జబ్బుతో 41వ ఏటనే పోయారు.

మార్జరీ ముగ్గురు పిల్లల తల్లి. దిగులుపడుతూ కూర్చోలేదు. వుడీ పోయిన ఏడాదే, 1967లో, ఈ జబ్బు కుటుంబాల కోసం ఒక కమిటీ పెట్టింది. నేటి హంటింగ్టన్స్ డిసీజ్ సొసైటీ ఆఫ్ అమెరికాకి అదే మూలం. దాచుకున్న కుటుంబాలను బయటికి పిలిచింది. కాంగ్రెస్ కోరగా ఏర్పడిన జాతీయ కమిషన్‌కి ఆవిడే అధ్యక్షురాలు. ఆ కమిషన్ 1977లో నివేదిక ఇచ్చింది. 1983 మార్చిలో ఆవిడ పోయింది. అదే ఏడాది నవంబరులో, నాన్సీ వెక్స్‌లర్, జేమ్స్ గుసెల్లా మొదలైనవారు ఈ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని ప్రకటించారు. వెనెజువెలాలో మరకైబో సరస్సు ఒడ్డున ఈ జబ్బున్న పెద్ద వంశాల రక్త నమూనాలు అందుకు ఆధారం. 1993లో జన్యువే దొరికింది. అందులో మూడక్షరాల ముక్క ఒకటి పదేపదే వస్తుంది. అది 40 సార్లు, అంతకు మించి ఉంటే జబ్బు తప్పదు. నాన్సీ వెక్స్‌లర్ తల్లి ఈ జబ్బుతోనే పోయింది. తనకూ వచ్చిందని నాన్సీ 2020లో బయటపెట్టింది.

నా పేషెంటు సంగతి

ఇక రెండో ఆయన కథ. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. 2002లో, డాట్ కామ్ కంపెనీలు మూతబడి మనవాళ్ళు ఎంతోమంది బెంచి మీద ఉన్న రోజుల్లో, 38 ఏళ్ళ తెలుగాయన భార్యతో వచ్చాడు. నిద్ర లేదు, చిరాకు, ప్రాజెక్టులో కోడు పూర్తికావడం లేదు. మన తెలుగువాడు కదా అని నేను చనువుగా మాట్లాడాను. తండ్రి సంగతి అడిగితే గుండెపోటుతో పోయారన్నాడు. ఉద్యోగం టెన్షన్ అనుకొని దిగులుకి మందు రాసిచ్చాను. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు. కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆయన వేళ్ళు కనిపించని వీణ మీటుతున్నట్టు కదులుతున్నాయి. మొదటిసారి అవి కదిలాయో లేదో చెప్పలేను, ఎందుకంటే నేను చూడలేదు. అప్పుడు నా కళ్ళు కంప్యూటరు మీదున్నాయి.

మళ్ళీ తండ్రి గురించి అడిగాను. మళ్ళీ గుండెపోటే. ఆ వేసవిలో విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళమ్మగారు నా గదిలో చాలాసేపు మౌనంగా కూర్చొని, కొడుకుని బయటికి పంపించమంది. భర్త ఆఖరి ఆరేళ్ళూ ఇంటి వెనక గదిలోనే ఉన్నాడని, చేతులూ తలా ఆడిపోయేవని, అన్నం నోటికి చేరేది కాదని చెప్పింది. ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళు కావాలి కాబట్టి ఊరికి గుండెపోటని చెప్పారు. హాస్టల్లో చదువుకుంటున్న కొడుక్కీ అదే చెప్పారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఏ తల్లయినా అదే చేసేది. ఓకీమాలో పిచ్చి అని మూసేసిన ఫైలు, మా వైపు పల్లెలో గుండెపోటు అని మూసుకొంది. అంతే.

పరీక్షలో నిర్ధారణ అయింది. ఆయన కొన్నేళ్ళు బతికాడు. ఆయన చెల్లెళ్ళిద్దరిలో ఒకావిడ కౌన్సిలింగ్ తర్వాత పరీక్ష చేయించుకొంది. రెండో ఆవిడ వద్దంది. రెండూ సరైన నిర్ణయాలే. నయం చేసే మందు ఇప్పటికీ లేదు కాబట్టి, తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికుంది. కదలికలు తగ్గించే టెట్రాబెనజీన్ అనే మందుకు 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. అదే ఏడాది వచ్చిన జినా చట్టం వల్ల జన్యు పరీక్ష ఫలితం చూసి ఉద్యోగంలోనో, హెల్త్ ఇన్సూరెన్సులోనో వివక్ష చూపడానికి వీల్లేదు. లైఫ్ ఇన్సూరెన్సుకి ఆ రక్షణ లేదు. పరీక్షకి ముందు ఈ సంగతి మనవాళ్ళు తెలుసుకోవాలి.

అమెరికాలో రెండు లక్షలకన్నా తక్కువమందికి ఉంటే దాన్ని అరుదైన జబ్బు అంటారు. అలాంటివి 7,000కు పైగా ఉన్నాయి. అన్నీ కలిపితే ఈ దేశంలో సుమారు మూడు కోట్లమంది. విడివిడిగా అరుదు, కలిపి చూస్తే ప్రతి వీధిలోనూ ఒకరు.

పాఠకులకు నా మనవి ఒకటే. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మనో, పెద్దమ్మనో, మేనత్తనో కూర్చోబెట్టి అడగండి. తాతయ్య ఏ వయసులో పోయారు, పోయేముందు ఎలా నడిచేవారు, ఎలా మాట్లాడేవారు, చేతులెలా ఉండేవి. జబ్బు పేరు వాళ్ళకి తెలియక్కర్లేదు, చూసింది చెబితే చాలు. అది ఒక కాగితం మీద రాసి మీ డాక్టరుకివ్వండి. డాక్టరు కంప్యూటరు వైపే చూస్తూ ఉంటే, కాస్త ఇటు చూడమని అడగండి. ఏమీ అనుకోం.